ఇల్లు విప్పి ఇల్లు కట్టడం

"గోడకు చెమట వడ్తుందక్కా. నీ కండ్లకు కనవడ్తలేదా?"

"కనవడ్తుంది రాజవ్వా. కొత్త గోడ. ఆరలే."

"రెండు నెలలాయె. ముంగటి అరుగు ఆరింది, పొయ్యికాడి గద్దె ఆరింది. గిదొక్కటే ఎందుకు ఆరది?"

"వానకాలం. గాలిల తడి ఉన్నది."

"గాలి అన్ని గోడలకు ఒక్కతీరుగనే కొడ్తది గదా."

జవాబు దొరకనప్పుడు గొంతు పెంచే గుణం నాకు మొదటి నుంచీ ఉంది. పద్దెనిమిదేళ్లుగా గోడలు పెడుతున్నాననీ, నేను పెట్టిన గోడ ఒక్కటీ కూలలేదనీ, మన్ను గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనీ అన్నాను. రాజవ్వ చేతిలోని చాటను నేలమీద పెట్టి, కొంగు నడుముకు చెక్కింది.

"నీ గోడల ముచ్చట నాకెందుకక్కా? రేపు పొద్దటి బస్సుకు బోథు నుంచి మా వియ్యంకుడు వస్తుండు. అర్ర జూసి, గీ చెమ్మల బాలింతను పండవెడ్తరా అని పిల్లను తోల్కపోతే? ఎనిమిదో నెల కడుపుతోని అది మూడు బస్సులు మారాలె. తొలి కాన్పు నా ఇంట్ల కాకపోతే నేనెందుకున్నట్టు?"

ఇది మెట్‌పల్లికి నాలుగు మైళ్ల దూరంలో ఒక ఊళ్లో, ఆషాఢ మాసంలో, ఒక మధ్యాహ్నం జరిగిన గొడవ. రాజవ్వ భర్త లేని మనిషి. ఒక్కతే బిడ్డ, పద్మ. అల్లుడు మస్కట్‌లో పని చేస్తున్నాడు. పద్మ అత్తమామలు బోథులో వ్యవసాయం చేసుకుంటారు. పద్మ కాన్పు కోసం తల్లి దగ్గరికి వచ్చింది. కాన్పు జరగాల్సిన అర్రకు మూడు గోడలు పాతవి, నాలుగోది నేను పెట్టింది. చెమట పడుతున్నది ఆ నాలుగోదానికే. ముసురు పట్టి మూడు రోజులైంది. గూనపెంకల మీద చినుకులు పడుతుంటే ఇల్లంతా సగం నిద్రలో ఉన్నట్టుంది. మేమిద్దరమే మేలుకుని అరుచుకుంటున్నాం.

ఆ గొడవ ఎట్లా తెగిందో చెబుతాను. అంతకంటే ముందు నా పని ఏమిటో చెప్పాలి. అది తెలియకపోతే ఆ గోడ సంగతి అర్థం కాదు.

ఒక పూట ఊరికే కూర్చోవడం

నేను మూడో తరగతి దాకా చదివాను. మా మనుమరాలు ఇండ్లు కట్టే చదువు చదువుతోంది. భూమికి చెరుపు చేయని సామానుతో ఇల్లు కట్టడం ఎట్లా అని వాళ్ల కాలేజీలో పాఠం ఉందట. "నువ్వు చేసిందంతా గదే గదా అవ్వా, రాసియ్యి" అని నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. సగం వాడిన పుస్తకమే తెచ్చింది కాబట్టి ఒప్పుకున్నాను. కొత్తది కొని ఉంటే తిప్పి పంపేదాన్ని.

మేము చేసినప్పుడు దానికి ఆ పేరు లేదు. నన్ను అందరూ గోడలు పెట్టే బుచ్చవ్వ అనేవారు. గోడలు పెట్టడం నా పనిలో చిన్న భాగం. అసలు పని ఇండ్లు విప్పడం. పాడుబడ్డ ఇల్లు, పంపకాలలో ఎవరికీ అక్కర్లేని ఇల్లు, రోడ్డుకు పోయే ఇల్లు, ఏదైనా సరే విప్పి, దూలాలు, వాసాలు, దర్వాజలు, పెంకలు, రాయి, చివరికి గోడల మన్ను కూడా బండ్లకెత్తి, ఇంకో చోట ఇంకో ఇల్లుగా నిలబెట్టడం.

అరవైతొమ్మిదిలో ఈ పనిలోకి వచ్చాను. బడులన్నీ మూతపడి ఊళ్లల్లో ఊరేగింపులు జరుగుతున్న ఏడు అది. మా ఆయన సుతారి, గోడలు కట్టే మేస్త్రీ. గోడ మీదినుంచి పడి నడుము పోయింది. ఆయన మంచంలో ఉండి గట్టిగా మాట్లాడగలడు, పని మాత్రం చేయలేడు. కరీంనగర్‌లో పాత కర్ర సామాను అమ్మే ఖాసిం సాబ్ ఆయనకు తెలిసినవాడు. ఆ సాబ్ దగ్గర తట్ట మోయడానికి కుదిరాను.

మొదటి రోజు ఒక పెద్ద పాత ఇంటికి తీసుకెళ్లాడు. నేను కొంగు బిగించి గడ్డపార అందుకున్నాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు.

"జర ఆగు బేటీ. ఇయ్యాల ఏం ముట్టకు. కూసోని జూడు."

"ఏం జూడాలె?"

"గీ ఇంటికి ఆఖరుకు ఏది వెట్టిండ్రో జూడు. గది ముందుగాల తియ్యాలె."

కూలి ఇచ్చి కూర్చోబెట్టే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అందుకని భయంతో కూర్చున్నాను. పొద్దు మీదికి వచ్చేకొద్దీ పగిలిన పెంకల సందుల్లోంచి వెలుగు కడ్డీల్లాగా దిగి, నేలమీద నెమ్మదిగా జరిగింది. ఆ వెలుగులో దుమ్ము పైకీ కిందికీ కాకుండా ఊరికే తేలుతోంది. పొయ్యి ఉన్నచోట గోడ నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. కప్పును మోసే కర్ర స్తంభాలను మొగురాలంటాం. ఒక మొగురం మీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలున్నాయి, కిందినుంచి పైకి ఏడెనిమిది. ఎవరి పిల్లలో. గడియలు గడిచినకొద్దీ నాకు ఆ ఇంట్లో మనుషులు లేచి తిరుగుతున్నట్టు, నన్ను చూసి కూడా ఏమీ అడగకుండా తమ పనులు చేసుకుంటున్నట్టు అనిపించింది. సాయంత్రానికి ఆ ఇల్లు ఎట్లా నిలబడిందో నాకు తెలిసిపోయింది. బరువంతా మొగురాల మీద ఉంది. గోడలు ఊరికే గాలికి అడ్డం. ఎవరూ చెప్పలేదు, కూర్చుంటే తెలిసింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ఒక పూట ఊరికే కూర్చోండి. కూర్చోలేని మనిషి చేతికి గడ్డపార ఇవ్వకూడదు.

పెంకలు దించాక, వాసాలు తీశాక, కప్పు లేని ఇల్లు కొన్ని రోజులు ఆకాశం కింద నిలబడుతుంది. అప్పుడే వాన వస్తే మట్టి గోడల మూలలు ముందు గుండ్రంగా అవుతాయి. తర్వాత గూళ్లు, గూళ్ల తర్వాత గోడలు కరుగుతాయి. రెండు వానకాలాలకు అక్కడ ఒక మెత్తని దిబ్బ, దాని మీద గడ్డి. చెత్త ఉండదు, ముక్కలుండవు. ఇక్కడ ఇల్లుండేదని ఎవరో చెబితేనే తెలుస్తుంది. నాకు ఇప్పటికీ నిద్రలో ఆ ఇండ్లు కనబడతాయి. బండ్ల మీద పడుకుని ఊరి నుంచి ఊరికి పోతుంటాయి. దర్వాజ ఒక బండి మీద, దూలం ఇంకో బండి మీద, వెనకాల పెంకలు ఒకదానికొకటి తగిలి చిన్నగా మాట్లాడుకుంటూ.

విప్పితే ఏం దక్కుతుంది

సామాను ఎంచుకునేటప్పుడు అందరూ అడిగేది ఎంతకాలం ఆగుతుందని. ఖాసిం సాబ్ నాకు నేర్పిన ప్రశ్న వేరు. దీన్ని విప్పినప్పుడు ఏం దక్కుతుంది?

కరీంనగర్‌లో ఒక గోదాము రోడ్డు వెడల్పుకు పోయింది. సగం పాతది, డంగు సున్నంతో కట్టింది. సగం కొత్తది, సిమెంటుతో. ఆ యజమాని కొత్త సగం చూపించి ఇది వందేళ్ల గోడ అని గర్వంగా చెప్పాడు. ముందు పాత సగం విప్పాం. ఇటుకకు పక్కనుంచి చిన్న దెబ్బ కొడితే సున్నం రాలి, ఇటుక శుభ్రంగా చేతిలోకి వచ్చింది. మా ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ పేర్చారు. కొత్త సగానికి వచ్చేసరికి పాట ఆగింది. సిమెంటు వదల్లేదు, ఇటుకే పగిలింది. వారం రోజులు కొట్టాక మాకు మిగిలింది కంకర. దాన్ని ఎక్కడ పోయాలో తెలియక ఇంకో వారం తిరిగాం. ఆ గోడ గట్టిదే. దాని గట్టితనం ఎవరికీ ఉపయోగపడలేదు.

సిమెంటు రేకుల గురించి కూడా ఉన్నది చెబుతాను. వేయడం సులువు. ఎండాకాలం ఆ కింద మనిషి ఉడుకుతాడు. పగిలితే దాన్ని ఎవరూ కొనరు. ఇంటి వెనక పడేస్తే ఏళ్ల తరబడి అట్లాగే ఉంటుంది, గడ్డి కూడా దాన్ని కప్పదు. గూనపెంక పగిలితే నలగ్గొట్టి వాకిట్లో వేసుకోవచ్చు.

అయితే మట్టి అంటే అంతా మంచిదని నేను చెప్పను. అట్లా చెప్పేవాళ్లు మట్టి ఇంట్లో ఉన్నవాళ్లు కారు. వాన నీళ్లు నేలను కొట్టి మోకాలెత్తు ఎగురుతాయి. అంతవరకు రాయి పెట్టకపోతే మట్టి గోడ నిలవదు. ఆ రాయిని సున్నంతో కట్టే వీలు లేకపోతే సిమెంటుతో కట్టండి, నాకేం పగ లేదు. నల్లరేగడి నేలలో పునాది తక్కువ చేసి, పైన మట్టి గోడ పెట్టి, అది పగిలాక మట్టిని తిడితే లాభం లేదు. ఏటేటా అలికే మనిషి ఉన్న ఇంటికే మట్టి గోడ పెట్టాలి. ఇల్లు తాళం వేసి బొంబాయి పోయేవాళ్లు అడిగితే నేను పెట్టనన్నాను.

కొత్త ఇటుక కొనడం నేను డెబ్భైల్లోనే మానుకున్నాను. మా తల్లిగారి ఊరి దారిలో చింతచెట్లు వరుసగా ఉండేవి. ఒక ఎండాకాలం పోయి చూస్తే ఆ దారి బోసిగా, తెల్లగా ఉంది. దూరంగా ఇటుక బట్టి పొగ. నేను ఏ ఊళ్లో దిగానో నాకే అర్థం కాక బస్సు పోయినవైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

జైనూరు అడవిలో

ఖాసిం సాబ్ పోయాక నేనే సొంతంగా పనులు పట్టాను. జగిత్యాల వైపు ఒక పెద్ద భూముల ఆసామి ఇల్లు కట్టిస్తూ నన్ను పిలిచాడు. నా దగ్గర పాత టేకు మొగురాలు ఉన్నాయి, ఇనుములాంటివి. ఆయన వాటిని కన్నెత్తి చూడలేదు. ఎవరో వాడి విడిచినవి తన ఇంట్లో ఎందుకన్నాడు. పర్మిట్టు తానే తీసుకుని, మంచి చెట్లు చూసి రమ్మని నన్ను జైనూరు పంపాడు.

అక్కడ అడవి చూపించడానికి ఒక గోండు పెద్దమనిషి వచ్చాడు. మాటలు తక్కువ. ముందు నడుస్తూ, చెట్టు దగ్గరికి రాగానే దాన్ని ఒకసారి చేత్తో తాకి పోతున్నాడు. ఆకుల మీద పొద్దున కురిసిన వాన ఇంకా కిందికి దిగుతూనే ఉంది. పైన వాన ఆగి చాలాసేపైనా, లోపల అడవి తనంతట తాను కురుస్తోంది. ఆ చప్పుడులో నడుస్తుంటే నా కాళ్లు నావి కాదన్నట్టు తేలికగా అయ్యాయి. చివరికి ఒక చెట్టు దగ్గర నిలబడి ఇది బాగుందన్నాను.

"గా ఇల్లు ఎన్నేండ్లు ఉంటది?" అని అడిగాడు.

"నలభై ఏండ్లు ఉంటది."

"గీ చెట్టు మా తాత చిన్నగున్నప్పుడే గింత ఉండె."

అంతే అన్నాడు. వద్దనలేదు, తిట్టలేదు. తీసుకెళ్లి ఇంట్లో జొన్న గట్క పెట్టాడు. నేను తిని, ఒట్టి చేతులతో బస్సెక్కాను. చెట్టు పెరిగినంత కాలమైనా ఇల్లు నిలవాలి కదా అని ఆసామికి చెప్పాను. ఆయన పని వేరేవాళ్లకు ఇచ్చాడు, వాళ్లు చెట్లు తెచ్చారు. నేను కొట్టించకుండా వచ్చాను కాబట్టి చెట్టు బతికిందని మనుమరాలు అనుకుంటోంది. బతకలేదు. నా చేతులతో కొట్టించలేదు, అంతవరకే. ఆ ఏడు మాకు చాలా కష్టంగా గడిచింది. అయినా ఆ తర్వాత కొత్త టేకు కావాలన్నవాళ్ల ఇంటికి నేను పోలేదు.

ముందు నాకు, తర్వాత మొయ్యి

ఇక మన్ను సంగతి. దీన్ని నాకు నేర్పింది మా అత్త. ఆమెలాంటి పై అధికారి ఏ ఆఫీసులోనూ ఉండదు. మెచ్చుకోవడం ఆమెకు తెలియదు. మన్ను గుంట దగ్గర నా తల మీది తట్ట కిందికి దింపించి, చిటికెడు మన్ను నా నోట్లో పెట్టింది.

"ముందుగాల నాకు, తర్వాత మొయ్యి."

మన్నును తడిపి పాములాగా పొడుగ్గా చుట్టి చూడాలి, ముద్ద చేసి నేలమీద వేసి చూడాలి, ఎండబెట్టి గోటితో గీకి చూడాలి. అన్నిటికంటే ముందు నాలుక మీద వేసి చూడాలి. మంచి మన్నుకు రుచి ఉండదు. చప్పగా ఉండి, కొంచెం చల్లగా కరిగిపోతుంది. ఉప్పగా తగిలితే ఆ మన్ను ఎంత అందంగా ఉన్నా గోడకు పనికిరాదు. ఉప్పు గాలిలోని తడిని తాగుతుంది. వానకాలం గోడ చెమటలు పడుతుంది, ఎండాకాలం తెల్లగా పూత పూసి పొరలు పొరలుగా రాలుతుంది. అట్లాంటి గోడ పక్కన బట్ట ఆరదు, గింజ నిలవదు, పసిపిల్ల దగ్గు తగ్గదు.

గోడకు అన్నిటికంటే మంచిది పాత గోడ మన్ను. ఒకసారి తొక్కి, ఎండి, ఏళ్ల తరబడి నిలబడ్డ మన్ను రెండోసారి నానబెడితే చెప్పినట్టు వింటుంది, పగుళ్లు రావు. కొత్తగా గుంట తవ్వే పని లేదు, ఎవరి చేనూ పాడు కాదు. నేను పేరు తెచ్చుకున్నది ఈ పాత మన్నుతోనే. తప్పు చేసిందీ దీనితోనే.

రాజవ్వ ఇంటి పడమటి గోడ కిందటి వానకాలంలో కూలింది. వాళ్ల దాయాదులు సిమెంటు ఇటుక పెట్టుకొమ్మన్నారు. ఆమె నన్ను నమ్మింది. పక్క ఊళ్లో ఒక పాత ఇల్లు విప్పుతున్నాను, ఆ మన్ను తెస్తానని చెప్పాను. ఆ వారంలో తమలపాకులో సున్నం ఎక్కువై నా నాలుక పొక్కింది. మజ్జిగ తాగినా మండుతోంది. మన్ను నోట్లో వేసుకోలేదు. కంటితో చూశాను, వేళ్ల మధ్య నలిపాను. పద్దెనిమిదేళ్ల చెయ్యి కదా, చాలనుకున్నాను.

ఆ ఇంటి గోడల్లో ఒకటి మిగతావాటికంటే నల్లగా, మెత్తగా, జల్లెడ పట్టిన పిండిలాగా ఉంది. అంత నునుపైన మన్ను నేను ఎప్పుడూ చూడలేదు. ముట్టుకుంటే చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఆ గోడ కింది భాగంలో వరుసగా కట్టుగుంజలు పాతిన గుంతలున్నాయి. అది పశువుల కొట్టం గోడ. ఎన్ని తరాల పశువుల మూత్రం తాగిందో. ఆ గుంతలు నేను చూశాను. చూసి కూడా ఆగలేదు. ఆ మన్ను అందం చూసి మురిసిపోయి, మొత్తం ఆ గోడ మన్నే రాజవ్వ గోడకు తోలించాను.

చెమట

ఆ ఆషాఢం మధ్యాహ్నానికి మళ్లీ వస్తాను. రేపు వియ్యంకుడు వస్తున్నాడని రాజవ్వ అంది. దానికి నేను అన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఈ పుస్తకం రాసి లాభం లేదు.

"ఇప్పుడే పేడ అలికి మీద ఎర్ర జాజు పూస్త. కుంపటి వెడ్దాం. రేపటికి తడి కనవడది."

రాజవ్వ నా మొహంలోకి చూసింది. ఆమె కోపం అప్పటికే చల్లారినట్టుంది, అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

"రేపటికి కనవడది. ఎల్లుండి నా బిడ్డ పండుకునేది గీ గోడ పక్కకే గదక్కా."

పద్మ అంతసేపూ మంచం మీద కూర్చుని మా ఇద్దరినీ వింటోంది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. గోడకూ మంచానికీ మధ్య మడిచి పెట్టిన బొంతను లాగి నా చేతికిచ్చింది. పుట్టబోయే పిల్ల కోసం పాత చీరలతో కుట్టుకున్న చిన్న బొంత.

"పెద్దమ్మా, గోడకు ఆనిన తానల్లా గిట్ల తెల్లగైతుంది. రెండుసార్లు ఉతికిన. మళ్ల వస్తుంది."

బొంత అంచు బిరుసుగా ఉంది. దాని మీద సన్నని తెల్లని గీత, నూగులాగా. వాన చప్పుడు ఎటో దూరంగా పోయినట్టైంది. నేను గోడ దగ్గరికి పోయి, తడిగా ఉన్నచోట వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. నోరంతా పట్టేసే ఉప్పు, వెనకనుంచి చేదు. ఆ నునుపు, ఆ కట్టుగుంజల గుంతలు, వాటి ముందు నేను మురిసిపోతూ నిలబడ్డ పొద్దు, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. గోడ పైనుంచి కిందిదాకా చూశాను. నా చేతులతో తీర్చిన గోడ. ఎక్కడా వంకర లేదు.

"రాజవ్వా, గిది ఆరది," అన్నాను. "ఎన్నడూ ఆరది. కొట్టం గోడ మన్ను తెచ్చిన. నాకి చూడలే."

ఆమె తిడితే బాగుండునని చూశాను. చాట తీసుకుని, మళ్లీ కింద పెట్టింది.

"ఇప్పుడు గోడ తీస్తే కప్పు కూలదా?"

"కప్పు మొగురాల మీద ఉన్నది, గోడ మీద లేదు. కూలది."

"వానల మన్ను గోడ మళ్ల ఎట్ల పెడ్తవ్?"

"పెట్టను. వెదురు తడకలు కడ్త. రెండు దిక్కుల పల్చగ మంచి మన్ను మెత్తుత. కప్పు కిందనే గదా, లోపల కుంపటి వెడ్తే ఆరుతది."

"మా వియ్యంకుడు వచ్చే యాళ్లకు ఇల్లు బొక్కపడి ఉంటది."

"ఉంటది."

"ఏమని జెప్పాలె?"

"నేను జెప్త."

నా గోడ నేనే తీశానన్న సంగతి వారం తిరక్కుండా మెట్‌పల్లి అంగడికి చేరుతుందని నాకు తెలుసు. ఆ సాయంత్రం చినుకుల్లో ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా నేను పెట్టిన గోడలు ముసురులో ఒక్కొక్కటే వచ్చి పోయాయి. ఒక్కోదాని ముందు నిలబడి, ఏ ఇంటి మన్నో, నాకానో లేదో గుర్తు చేసుకుంటూ పోయాను. అన్నీ నాకినవే. ఇదొక్కటే.

మర్నాడు పొద్దున

పొద్దున వాన తెరిపిచ్చింది. కూలీలను పిలవలేదు. గడ్డపార తీసుకుని నేనే పోయాను. పద్మ మంచాన్ని పొయ్యి ఉన్న వైపుకు జరిపాం. గోడ పైనుంచి మొదలుపెట్టాను. మన్ను తడిగా ఉంది కాబట్టి దుమ్ము లేవలేదు, ముద్దలు ముద్దలుగా జారింది. రాజవ్వ తట్టకెత్తి వీధిలో బండిలో పోసింది. ఆ మన్ను గోడకు పనికిరాదు గానీ చేనుకు మంచి ఎరువు, అందుకని ఆమె పసుపు చేనుకు తోలించాం. వీధిలో వాళ్లు నిలబడి చూశారు. ఎవరో నవ్వారు. నేను తల తిప్పలేదు.

వియ్యంకుడు గంగారాం వచ్చేసరికి గోడ నడుమెత్తు మిగిలింది. పొడుగు మనిషి, భుజాన కండువా, చేతిలో గొడుగు. వీధిలోంచే లోపలి మంచం కనబడుతోంది. గుమ్మం దాకా పోకుండా గోడ ఉన్న చోటే నిలబడ్డాడు.

"ఎవలు తీసిండ్రు గోడ?"

"నేనే."

"పెట్టింది ఎవలు?"

"గది గూడ నేనే."

"మరి ఎందుకు తీసినవ్?"

"ఉప్పు మన్ను. నేను జూసుకోలే. తప్పు నాది, రాజవ్వది గాదు."

ఆయన లోపలికి వచ్చి ఒక మొగురాన్ని రెండు చేతులతో నెట్టి చూశాడు. తల ఎత్తి కప్పు చూశాడు. పాత గోడలు మూడింటినీ అరచేత్తో తడిమాడు. రాజవ్వ చాయ్ తెచ్చి, "తాగు అన్నా" అని చేతికిచ్చి పక్కకు నిలబడింది. ఆయన తాగాడు.

"ఎన్ని దినాలు?"

"ఎనిమిది దినాలు," అన్నాను.

"బరాబర్ ఎనిమిదేనా?"

"బరాబర్."

గ్లాసు కింద పెట్టి కోడలి వైపు తిరిగాడు. "ఏమంటవ్ బిడ్డా?"

"ఈడనే ఉంట మామా."

"ఎనిమిది దినాలకు మళ్లస్త. తడి ఉంటే తోల్కపోత, మళ్ల నన్ను అనద్దు," అన్నాడు. ఆ మాట కోడలికి చెప్పాడో, నాకు చెప్పాడో.

పదకొండు గంటల బస్సు ఆయన పద్మ లేకుండానే ఎక్కాడు. తడకలు తేవడానికి మెట్‌పల్లి దాకా నేనూ అదే బస్సులో వెళ్లాను.